ఒకరోజు ముందు మొరిగే కుక్క

వాట్‌గంజ్‌లో చీపురు డ్యూటీ వాళ్ళ క్వార్టర్ల లైనులో తెల్లారడం ఇలా ఉంటుంది. కుళాయి దగ్గర బిందెలు వరస కడతాయి. వరస తప్పించి ముందుకు దూరేవాళ్ళు దూరతారు, వాళ్ళని తిట్టేవాళ్ళు తిడతారు. సత్యవేణి గడప మీద పడుకున్న భులూ లేచి, ఒళ్ళు విరుచుకుని, రేపు రాబోయేవాళ్ళ కోసం మొరుగుతుంది. అది విన్నాకే ఆడవాళ్ళు రేపటి కూర సంగతి ఆలోచిస్తారు.

భులూది ఏ గొప్ప జాతీ కాదు. గోధుమరంగు వీధికుక్క, ఒక చెవి మడత. సత్యవేణి మొగుడు పోలిరాజు బతికున్నప్పుడు ఖిదిర్‌పూర్ బజారులో చేపల బుట్టల వెనక దొరికితే చంకలో పెట్టుకొచ్చాడు. మిగతా కుక్కలు మనిషి గుమ్మంలోకొచ్చాక మొరుగుతాయి, ఇది ముందురోజు మొరుగుతుంది. మర్నాడు ఆ మనిషి నిజంగా వచ్చినప్పుడు కన్ను కూడా తెరవదు. మొరగాల్సింది నిన్ననే మొరిగేసింది కదా, మళ్ళీ ఎందుకు.

ఏ మొరుగు ఎవరికో లైనులో అందరికీ తెలుసు. చేపలమ్మే ఆమెకైతే గొంతు సవరించుకున్నట్టు చిన్నగా ఒకటి. శ్రీకాకుళం నుంచి చుట్టాలొస్తుంటే విసుగ్గా, సాగదీసి. ఆ సాగదీత వినగానే పక్కగది అప్పలకొండమ్మ, "ఓలమ్మ, మళ్ళీ ఎవులో దిగబడతన్నారు," అని బియ్యం డబ్బా మంచం కిందకి తోసేది. దొంగకైతే గొంతు లోపల్నించి గుర్రు. ఆ మర్నాడు మగవాళ్ళు సందు మొదట్లో కుర్చీలేసుకుని టీ తాగుతూ కూర్చునేవారు. వచ్చినవాడు వీళ్ళని చూసి, ఏదో అడ్రసు అడిగి, మర్యాదగా వెనక్కి పోయేవాడు. లైను మనుషులకి మాత్రం భులూ ఎప్పుడూ మొరగదు.

ఇంకో సంగతి. ఏ చోట తిని పడుకుంటుందో ఆ చోటికొచ్చేవాళ్ళ గొడవే దానికి కావాలి. ఓసారి పోలిరాజు దాన్ని హౌరాలో బావమరిది ఇంటికి తీసుకెళ్తే, అక్కడున్నన్నాళ్ళూ హౌరా వాళ్ళ చుట్టాలకే మొరిగింది. వాట్‌గంజ్ ఊసే ఎత్తలేదు. ఈ సంగతి కూడా లైనంతా చెప్పుకుని నవ్వుకున్నదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇన్స్పెక్టర్ బాబు మొరుగు. రెండు పొట్టి మొరుగులు, వెంటనే మెడ ఎత్తి ఒక పొడుగు ఊళ. ఈ బాబు ఇళ్ళు చూసే ఆఫీసు నుంచి చెప్పకుండా వచ్చి ఏ గదిలో ఎవరున్నారో చూసి పోతాడు. ఉద్యోగి, పెళ్ళాం, పిల్లలు, అంతే ఉండాలని రూలు. ఆ రూలు ప్రకారం ఉన్న గది లైనులో ఒక్కటీ లేదు. తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు, ఓడల డాకులో కూలికొచ్చిన ఊరివాళ్ళు, వాళ్ళ బావమరుదులు, గదికి ఎంతమంది పడితే అంతమంది. అందుకని ఊళ వినపడిన మర్నాడు పొద్దున్నే లెక్కకి రానివాళ్ళంతా టిఫిన్ డబ్బాలు కట్టుకుని, పెట్టెలు మోసుకుని హౌరా స్టేషన్‌కి పోయేవారు. అక్కడ బండి కోసం చూస్తున్న ప్రయాణికుల్లాగ రోజంతా కూర్చుని, సాయంత్రం ఫెర్రీ ఎక్కి తిరిగొచ్చేవారు. ఒకాయన మాత్రం కూర్చుని కూర్చుని, నలుగురితో పాటు నిజంగానే బండెక్కేసి పలాసలో తేలాడు.

ఇంత ఉపకారం చేసే కుక్కకి లైనులో ఒక్కరూ గంజి కూడా పోసేవారు కారు. పైగా అడ్డంగా పడుకుందని కాలితో తోసేవారు. దానికి అన్నం పెట్టడం సత్యవేణి పని అని అందరూ కలిసి, ఆమెని అడక్కుండానే తీర్మానించేశారు.

పోలిరాజు జ్వరమొచ్చి పోయాడు. అతని ఉద్యోగం సత్యవేణికి రావాలి. ఫైలు నడుస్తోంది. ఉద్యోగాలు చూసే ఆఫీసు లెక్కలో పోలిరాజు పోయాడు, ఇళ్ళు చూసే ఆఫీసు లెక్కలో ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. రెండు ఆఫీసులూ ఒకే మేడలో, మెట్లకి ఆ పక్కా ఈ పక్కా. అయినా వాళ్ళలో వాళ్ళకి మాటల్లేవు. ఉద్యోగం చేతికొచ్చేదాకా గది నిలబెట్టుకోవాలి, అదే సత్యవేణి దిగులంతా. గది పోతే ఈ ఊళ్ళో తలదాచుకోను ఆమెకి చోటు లేదు, సొంతూళ్ళో అంతకన్నా లేదు. ఇన్స్పెక్టర్ బాబు వచ్చే రోజున ఆమె కూడా తాళం వేసి హౌరా పోయేది. బాబు ఆ తాళం చూసి "పోలిరాజు ఏడీ?" అని అడిగితే, "డ్యూటీలో ఉన్నాడు బాబూ," అని సర్దారు చెప్పేవాడు.

ఆ సర్దారే ఢిల్లీశ్వరరావు. చీపురు వాళ్ళందరి మీదా పెత్తనం ఆయనది. ఎవరికి ఏ వీధి, ఎవరికి సెలవు, ఎవరు వచ్చినట్టు, ఎవరు రానట్టు, అంతా ఆయన నోట్లో ఉంటుంది. ఆ నోట్లో పాన్ కూడా ఎప్పుడూ ఉంటుంది. తన చేత్తో చీపురు ఆఖరిసారి ఎప్పుడు పట్టాడో ఆయనకే గుర్తులేదు. లైనులో మొదటి గది, కిటికీ ఉన్న ఏకైక గది, ఆయనది. కానీ ఆయన ఉండేది అక్కడ కాదు. భవానీపూర్‌లో కొత్త బిల్డింగులో కింది అంతస్తు ఫ్లాటు కొనుక్కుని పెళ్ళాం అన్నపూర్ణతో అక్కడుంటున్నాడు. సొంత ఇల్లున్నవాడు క్వార్టరు వదిలెయ్యాలని కూడా రూలుంది. ఈ పెద్దమనిషి వదలకపోగా ఆ గదిని డాకు కూలీలకి అద్దెకిచ్చాడు.

ఇన్స్పెక్టర్ ఊళ వినపడగానే లైను నుంచి ఆయనకి ఫోను పోయేది. మర్నాడు కూలీలు హౌరాకి, సర్దారు వాట్‌గంజ్‌కి. మేకుకి తగిలించి ఉంచిన చిరుగుల బనియను తొడుక్కుని, వెలిసిపోయిన లుంగీ చుట్టుకుని, నులక మంచం మీద కూర్చుని దగ్గేవాడు. బాబు ఉన్నంతసేపూ దగ్గేవాడు. పాపం ఈ వయసులో ఈ గదిలో ఎలా ఉంటున్నాడో అని బాబు జాలిపడి వెళ్ళేదాకా దగ్గి, తర్వాత బనియను మేకుకి తగిలించి, టాక్సీ ఎక్కి భవానీపూర్ పోయేవాడు. సిగ్గన్న సరుకు ఆ ఇంటికి ఎప్పుడూ చేరలేదు.

అలాంటి మహానుభావుడి బిల్డింగులో ఒకసారి నీళ్ళ మోటారు దొంగలెత్తుకుపోయారు. ఆయన గ్రిల్లు మీద గ్రిల్లు బిగించాడు, తాళాలేశాడు. అయినా నిద్ర పట్టలేదు. అప్పుడు భులూ గుర్తొచ్చింది.

తిన్నగా సత్యవేణి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"కుక్కని నాకిచ్చీ సత్యవేణీ. ఇక్కడేటుంది కాపలా కాయడానికి, నీ చీపురా?"

"ఆయన తెచ్చిన కుక్క, సర్దారు బావు. నాకు తోడదొక్కటే గదా."

"నీకు తోడు కావాలా, ఉద్యోగం కావాలా? నాను ఒక్క మాట సెప్తే నీ ఫైలు నడుస్తాది. ఇంకో మాట సెప్తే పోలిరాజు డ్యూటీలోంచి దిగిపోతాడు. ఏ మాట సెప్పమంటావు?"

సత్యవేణి ఒళ్ళు మండింది. మండినా చేసేదేం లేదు. చుట్టూ చూసింది. ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు, ఒక్కరూ నోరెత్తలేదు. రేపట్నుంచి తమ గతేంటని ఆలోచించేపాటి బుర్ర కూడా ఆ క్షణంలో ఎవరికీ పని చెయ్యలేదు. ఆమె తాడు విప్పి సర్దారు చేతికిచ్చింది. భులూ వెనక్కి చూసుకుంటూ ఆయన వెంట పోయింది.

భవానీపూర్‌లో దానికి టైగర్ అని పేరు పెట్టారు. మెడకి తోలు బెల్టు కట్టారు. గుమ్మం పక్కన ఇత్తడి పలక ఒకటి ఉంది. దాని మీద ఢిల్లీశ్వరరావు పేరు, కింద ఆయన పని, పనిచేసే ఆఫీసు, తెలుగులో, బెంగాలీలో, ఇంగ్లీషులో చెక్కించి ఉన్నాయి. చెక్కించమన్నది అన్నపూర్ణ. ఎవరి ఫ్లాటో నలుగురికీ తెలియకపోతే కొనుక్కుని లాభమేముందని ఆవిడ వాదన. ఆ పలక కింద టైగర్‌ని కట్టేశారు.

అది తన పద్ధతిలో ఒకరోజు ముందు మొరగడం మొదలెట్టింది. నాలుగు రోజులు గడిచేసరికి పై అంతస్తు బెంగాలీ పెద్దావిడ మెట్లు దిగొచ్చింది.

"మా అల్లుడు చెప్పకుండా వచ్చి సంతోషపెట్టాలనుకుంటాడు. మీ కుక్క ముందురోజే బిల్డింగంతా చాటేస్తోంది. ఇదేం క్రమశిక్షణ, దాదా? అందరి కుక్కల్లాగ మనిషి వచ్చినప్పుడు మొరగడం నేర్పించలేరా?"

ఢిల్లీశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాట నిజమేననిపించింది కూడా. దొంగ సంగతి ముందే తెలుస్తుందని కదా తెచ్చుకున్నాడు. కానీ పై అంతస్తువాళ్ళు మొహం చిట్లించేసరికి ఆ తెలివంతా ఎటో పోయింది. ఇంట్లో పులిలాంటి మనిషి, బాబుల ముందు పిల్లి.

కుక్కలకి ట్రైనింగిచ్చే మృత్యుంజయ అనే ఆయన్ని పిలిపించాడు. ఒంటినిండా జేబులున్న చొక్కా, మెళ్ళో విజిలు, నడుముకి బిస్కెట్ల సంచీ. టైగర్ చుట్టూ తిరిగి, చెవి లాగి చూసి, పళ్ళు చూసి చెప్పాడు.

"కుక్క మంచిదే దాదా. టైమింగ్ ఒక్కటే ప్రాబ్లం. తోమినకొద్దీ తగ్గుతుంది."

ఆయన పద్ధతి ఏమంటే, ముందురోజు మొరిగితే బిస్కెట్ లేదు, విజిలుతో గద్దింపు. మర్నాడు మనిషి వచ్చాక మొరిగేదాకా బెల్టు పట్టుకు గుంజడం. మొరిగితే బిస్కెట్. మెల్లగా రోజు ముందు మొరిగేది పూట ముందుకి జరిగింది. పూట కాస్తా గంటయింది. చివరికి కొరియరు వాడు గేటు మీద చెయ్యి వేశాక మొరిగేట్టు తయారైంది. మృత్యుంజయ చేతులు దులుపుకుని, "ఇప్పుడిది మామూలు కుక్క," అని సెలవు తీసుకున్నాడు. ఢిల్లీశ్వరరావు పొంగిపోయి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. మామూలు కుక్కని తయారు చేయించుకున్నందుకు అంత పొంగినవాణ్ణి ఆ వీధి అంతకుముందు చూడలేదు.

తర్వాత దొంగ మళ్ళీ వచ్చాడు. టైగర్ సరిగ్గా టైముకి మొరిగింది. సర్దారు కళ్ళజోడు వెతుక్కుని, తాళాలగుత్తి వెతుక్కుని, తను బిగించిన గ్రిల్లులన్నీ ఒక్కొక్కటే తీసుకుని బయటికొచ్చేసరికి కొత్త మోటారు కూడా పోయింది.

సత్యవేణికి అప్పుడప్పుడు బదిలీ పని దొరికేది. ఎవరైనా రానిరోజు వాళ్ళ వీధి ఊడవడం. భవానీపూర్ వైపు పడిన రోజున డ్యూటీ దిగాక ఒక డబ్బాలో అన్నం, చేపతల కలిపి తెచ్చి భులూకి పెట్టాలని చూసేది. అన్నపూర్ణ గ్రిల్లు లోపల్నించే, "మా టైగర్ అయ్యి తినదు," అని పంపించేసేది. అలా చాలాసార్లయింది.

ఆరోజు మధ్యాహ్నం గ్రిల్లు తీసింది అన్నపూర్ణ కాదు, సర్దారే. ఎప్పుడూ లేనిది లోపలికి రమ్మన్నాడు. రమ్మన్నాడంటేనే ఏదో కీడని సత్యవేణికి తెలిసిపోయింది. ఆమె కింద కూర్చుని డబ్బా మూత తీసి భులూ ముందు పెట్టింది. అది మొదట ఆమె చెయ్యి వాసన చూసింది, తర్వాత డబ్బాలో మూతి పెట్టింది.

"ఫైలు సంగతేటయింది, సర్దారు బావు?"

"నడుస్తాది. ఫైలు ఏరు, గది ఏరు," అని పాన్ నమిలాడు. "మా రఘురాం ఊర్నుంచి వచ్చీసినాడు. నా మేనల్లుడు. ఆడికి గది కావాల. ఈ పాలి ఇన్స్పెక్టర్ బాబొస్తే నాను అబద్దం ఆడలేను. పోలిరాజు పోయినాడనే సెప్తాను."

"కుక్కనిస్తే సెప్పనన్నావు గదా."

"కుక్కకీ దానికీ ఏటి సమ్మందం?"

సత్యవేణి తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు రాలేదు, కోపం వచ్చింది. ఈ మనిషి ఎదుట ఇన్నాళ్ళు చేతులు కట్టుకు నిలబడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది.

భులూ డబ్బా అడుగు దాకా నాకి, తల ఎత్తింది. రెండుసార్లు పొట్టిగా మొరిగింది. తర్వాత మెడ పైకి చాచి పొడుగ్గా ఊళ పెట్టింది.

ఢిల్లీశ్వరరావు పరుగున గ్రిల్లు దగ్గరికెళ్ళి వీధిలోకి చూశాడు. ఇప్పుడిది టైముకి మొరిగే కుక్క కదా. వీధిలో రిక్షా తప్ప ఏమీ లేదు. ఆ మృత్యుంజయని నాలుగు బూతులు తిట్టాడు. తిడుతూ తిడుతూ ఆగాడు. మొహం విప్పారింది.

"ఇది ఇన్స్పెక్టర్ బాబుదే గదా?"

"ఆయనదే," అంది సత్యవేణి.

"రేపేనా?"

"ఎల్లుండికి ఎప్పుడూ మొరగలేదు గదా."

"సూసినావా మరి. భవానీపూర్ తిండి తిన్నా లైనుని మరిసిపోలేదు," అని తొడ చరిచాడు. "రేపే తేలిపోతాది నీ గది సంగతి."

హౌరాలో బావమరిది ఇంట్లో ఇది మొరిగిన సంగతి సత్యవేణి నాలిక చివరికొచ్చింది. తిని పడుకున్న చోటికొచ్చేవాళ్ళకే మొరుగుతుందన్న, లైనులో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఈయనకీ తెలుసు. కానీ ఇన్స్పెక్టరు రావడమనేది చీపురు వాళ్ళ గుమ్మాలకే తప్ప, ఇత్తడి పలక ఉన్న తన గుమ్మానికి కూడా జరగొచ్చని ఆ బుర్రకి తట్టలేదు. ఆమె నోరు తెరవలేదు. ఖాళీ డబ్బాకి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

"తొరగా పడుకో, సర్దారు బావు. రేపు దగ్గాల గదా," అని లేచింది.

సర్దారు ఈ ఊళ సంగతి లైనులో ఎవరికీ చెప్పలేదు. తన కూలీలని మాత్రం పంపించేశాడు. అందరూ పట్టుబడితే తనొక్కడే నిఖార్సైనవాడిలా కనపడతాడని లెక్క. పొద్దున్నే బనియను తొడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. రఘురాం పరుపు చుట్ట చంకలో పెట్టుకుని సత్యవేణి గది ఎదురుగా నిలబడ్డాడు. నిలబడి గోడ కొలతలు కూడా చూసుకున్నాడు.

సత్యవేణి హౌరా పోలేదు. గడప మీద కత్తిపీట వేసుకుని వంకాయలు తరగసాగింది. తను పొరబడితే ఈ పూటతో గది పోయినట్టే. సందు మొదట్లో ప్యాంటు వేసుకున్న మనిషి కనపడినప్పుడల్లా తరగడం ఆపి చూసేది. ఒకడు సిమ్ కార్డులమ్మేవాడు. ఇంకొకడు ఎవరింటికో పెళ్ళిపిలుపు తెచ్చాడు. సర్దారు ప్రతి అడుగు చప్పుడుకీ దగ్గాడు. మధ్యాహ్నానికి గొంతు నిజంగానే బొంగురుపోయింది. పొద్దువాలేదాకా ఎవరూ రాలేదు.

ఇన్స్పెక్టర్ బాబు ఆ పొద్దున భవానీపూర్‌లో ఉన్నాడు. ఆయన కూతురు సంగీతం నేర్చుకునేది ఎదురు బిల్డింగులోనే. దింపడానికొచ్చినప్పుడల్లా ఇత్తడి పలక కళ్ళలో పడుతోంది. పేరు ఎక్కడో విన్నట్టుంది. ఆరోజు వీధి దాటొచ్చి గంట కొట్టాడు. గుమ్మం పక్కన పడుకున్న కుక్క కన్ను తెరవలేదు.

"ఇది ఎవరిల్లమ్మా?" అని అడిగాడు.

"మాదేనండి, సొంతం," అంది అన్నపూర్ణ. అడిగినవాడికి చెప్పే అవకాశం ఇన్నాళ్ళకి దొరికింది ఆవిడకి. లోపలికి పిలిచి పాలరాయి చూపించింది, వంటగది అరలు తెరిచి చూపించింది, సందేశ్ మిఠాయి పెట్టింది.

"సర్దారుగారు లేరా?"

"ఇయ్యాల మా ఆయన క్వార్టర్లో ఉండాలండి. ఇన్స్పెక్టర్ బాబొస్తాడని నిన్ననే కుక్క మొరిగింది."

"ఓహో," అన్నాడు బాబు. కుక్క మొరిగిందంటే ఇక అడిగేదేముంది. సందేశ్ పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, ఏ ఏడాది నుంచి ఇక్కడుంటున్నారో కూడా అడిగి తెలుసుకుని వెళ్ళాడు.

సర్దారు పని ముందు పోయింది. తర్వాత మొదటి గది ఖాళీ చెయ్యమన్నారు. అన్నేళ్ళు రెండు ఇళ్ళెలా అనుభవించావని విచారణ పెట్టారు. రఘురాం పరుపు చుట్టతో సహా ఊరికి బండెక్కాడు. కొత్తగా వచ్చిన సర్దారు మొదటి రోజే ఇన్స్పెక్టర్ బాబుకి, "పోలిరాజు డ్యూటీలో ఉన్నాడు బాబూ," అని చెప్పాడు. లైనులో నిలదొక్కుకోవాలంటే ముందుగా ఏం నేర్చుకోవాలో ఎవరో ఆయనకి చెప్పినట్టున్నారు.

అన్నపూర్ణ కోపమంతా కుక్క మీదకి మళ్ళింది. బెల్టు ఊడబీకి గ్రిల్లు బయటికి తోసేసింది. భులూ ఎటూ పరిగెత్తలేదు. సత్యవేణికి ఆ వీధి పని పడేదాకా చెత్తకుండీ పక్కన కూర్చుని, ఆమె తోపుడుబండి వెనక నడుచుకుంటూ వాట్‌గంజ్ చేరింది. గడప మీద పడుకుని లేచేసరికి మృత్యుంజయ నేర్పినదాంట్లో మిగిలింది కూడా వదిలిపోయింది. ఆ పూట అప్పలకొండమ్మ గంజి తెచ్చి పోసింది. బుద్ధి వచ్చి కాదు, భయం వేసి.

విచారణ చేసే ఆఫీసరు ఢిల్లీశ్వరరావుకి చివరి అవకాశం ఇచ్చాడు. లైనులో వాళ్ళెవరైనా వచ్చి ఈయన మాతోపాటే ఇక్కడే ఉన్నాడని చెప్తే, పోయిన పని సంగతి మళ్ళీ చూస్తానన్నాడు. ఢిల్లీశ్వరరావుకి ధైర్యమొచ్చింది. లైను వాళ్ళ పిరికితనం మీద ఆయనకి పూర్తి నమ్మకం. ముందుగా కబురు పెడితే తప్పించుకుంటారని ఎవరికీ చెప్పలేదు. తెల్లారగానే వెళ్ళి, పట్టుకుని, టాక్సీల్లో ఎక్కించుకు పోదామనుకున్నాడు.

అంతకు ముందురోజు పొద్దున భులూ లేచి ఒళ్ళు విరుచుకుని మొరిగింది. కుళాయి దగ్గర అందరూ బిందెలు వదిలి తల తిప్పారు. ఆ మొరుగు ఎవరూ ఎరిగింది కాదు. దొంగకి పెట్టే గుర్రుతో మొదలై, చుట్టాలకి పెట్టే విసుగుతో ఆగింది.

"ఓలమ్మ, ఇదెవులికే?" అంది అప్పలకొండమ్మ.

సత్యవేణి బిందె చంకనెత్తుకుంది.

"ఒకప్పుడు మొరగక్కర్లేనోడికి," అంది.

ఇంకెందుకొస్తాడు, విచారణలో తన తరఫు సాక్ష్యం చెప్పమనడానికే. ఆయన అడిగితే కాదనే ధైర్యం లైనులో ఎవరికీ లేదు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. కానీ అడగడానికి మనుషులు దొరకాలి కదా. అప్పలకొండమ్మే ముందుగా, "రేపటికి టిఫినేటి కట్టాల?" అంది.

మర్నాడు తెల్లారకముందే లైనంతా హౌరా పోయింది. లెక్కకి రానివాళ్ళే కాదు, ఈసారి లెక్కలో ఉన్నవాళ్ళు కూడా. డ్యూటీ ఉన్నవాళ్ళు అటునుంచటే తిన్నగా స్టేషన్‌కొచ్చారు. సత్యవేణి తన గదికి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. పెద్ద గడియారం కింద అందరి మధ్యా కూర్చుని పులిహోర డబ్బా మూత తీసింది. దక్షిణం బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కాల్సిన పని వాళ్ళకి లేదు.

ఢిల్లీశ్వరరావు చిరుగుల బనియనులోనే వచ్చాడు. అలా వస్తే జాలిపడతారని. మొదటి తలుపుకి తాళం. రెండో తలుపుకి తాళం. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తలుపులు తడుతూ, పేర్లు పెట్టి పిలుస్తూ నడిచాడు. ఆయన పిలిస్తే పరుగెత్తుకొచ్చే పేర్లే అవన్నీ. కుళాయి కింద బిందె కూడా లేదు.

సత్యవేణి గడప మీద భులూ పడుకుని ఉంది. ఆయన దాని ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"భులూ," అన్నాడు. పలక్కపోతే, "టైగర్," అన్నాడు. "ఎక్కడికెల్లినార్రా ఈళ్ళంతా?"

భులూ కన్ను తెరవలేదు. ఈయన కోసం మొరగాల్సింది నిన్ననే మొరిగేసింది.